ఇల్లు పూర్తయింది, మరి లెక్క?



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టించుకున్నవాడి కష్టం ఆ సామెతలో ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రీ కష్టం గురించి మాత్రం మనకు అంతగా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోము. ఈ వారం ఆ రెండో కష్టం గురించి, దానిలో మన మనస్సాక్షికి ఉన్న పాత్ర గురించి కాసేపు ఆలోచిద్దాం.

విచారణ గురువులను కొత్త ఇళ్లను ఆశీర్వదించడానికి పిలుస్తుంటారు. గుమ్మానికి మామిడి తోరణాలు, వీధిలో షామియానా, బంధువుల సందడి. గది గదికీ తిరిగి తీర్థజలం చల్లి, ప్రార్థన చేసి వస్తాం. అలాంటి ఒక ఆశీర్వాదం రోజున ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ వీధి అవతల వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. భోజనానికి రమ్మంటే రాలేదు. నేను తిరిగి వెళ్లేటప్పుడు దగ్గరకు వచ్చి, "ఫాదర్‌గారూ, మీరొక మాట చెప్పండి. అరవై వేలు ఆగిపోయింది. సెంట్రింగ్‌వాళ్లు మా ఇంటిమీదికి వస్తున్నారు" అన్నాడు.

ఇంటి యజమానిని అడిగాను. ఆయన లెక్క ఆయనకుంది. "బాత్‌రూము గోడ చెమ్మ దిగుతోంది ఫాదర్. చెప్పిన తేదీకి మూడు నెలలు ఆలస్యం చేశాడు. చేసిన పనికీ చేయని పనికీ ఒకేలా ఇచ్చేస్తామా?" అన్నాడు.

ఇద్దరూ మన విచారణవారే. ఇద్దరూ ఆదివారం ఒకే పీఠం ముందు దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారే. ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఇది కేవలం డబ్బు తగాదానా, లేక ఆత్మకు సంబంధించిన విషయమా?

మేస్త్రీ వెనుక ఎవరున్నారు?

మన ఊళ్లలో ఇంటి పనిని రెండు విధాలుగా అప్పగిస్తారు. సిమెంటు, ఇసుక, ఇనుము యజమాని తెచ్చిపెట్టి, కూలి మాత్రం చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకోవడం ఒక పద్ధతి. సామాను కూడా కలిపి మొత్తం మేస్త్రీకే అప్పగించడం రెండో పద్ధతి. ఏ పద్ధతిలోనైనా యజమాని కంటికి కనిపించేది మేస్త్రీ ఒక్కడే. కాని ఆ ఒక్కడి వెనుక తాపీ పనివారు, మాలు కలిపేవారు, ఇటుకలు మోసే స్త్రీలు, కడ్డీ కట్టేవారు, సెంట్రింగ్ చెక్కలు అద్దెకిచ్చినవారు, సిమెంటు కొట్టులో ఖాతా, ఇంతమంది ఉంటారు.

శనివారం సాయంత్రం బట్వాడా. యజమాని డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా మేస్త్రీ తన కూలీలకు బట్వాడా చేయవలసిందే. చేయకపోతే సోమవారం పనికి మనుషులు రారు. అందుకే చాలామంది మేస్త్రీలు భార్య మెడలోని గొలుసు కుదువపెడతారు, లేదా వడ్డీకి తెస్తారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అనుకోండి. అరవై వేలకు నెలకు 1,800 రూపాయలు. ఎనిమిది నెలలు ఆలస్యమైతే 14,400 రూపాయలు. ఎనిమిది నెలల తరువాత యజమాని "ఇదిగో నీ అరవై వేలు, పైసా ఎగ్గొట్టలేదు" అని చేతిలో పెడతాడు. నిజానికి మేస్త్రీకి దక్కింది 45,600 మాత్రమే. మిగిలినది యజమాని జేబులోకి పోలేదు, నిజమే. కాని మేస్త్రీ జేబులోనుండి పోయింది. పోగొట్టింది ఎవరు?

"ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య" అనే సామెత మనకు ఉన్నదే. స్లాబు వేసిన రోజున మేస్త్రీకి మాంసంతో భోజనం పెడతాం, కొత్త బట్టలు పెడతాం. రంగులు వేయడం పూర్తయ్యాక అతని ఫోను మోగితే చూసి పక్కన పెడతాం.

పరిశుద్ధ గ్రంథం ఏమి బోధిస్తున్నది?

పనివాడి కూలి గురించి పరిశుద్ధ గ్రంథం మాట్లాడినంత సూటిగా చాలా విషయాల గురించి మాట్లాడలేదు. లేవీయకాండం 19:13 కూలివాని జీతాన్ని తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండం 24:14-15 దానికి కారణం కూడా చెబుతుంది. అతడు పేదవాడు, ఆ కూలిమీదే ఆశ పెట్టుకున్నాడు, కనుక ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలి, లేకపోతే అతడు దేవునికి మొరపెట్టుకుంటాడు, ఆ పాపం మనమీద నిలుస్తుంది అని. తోబీతు తన కుమారునికి చేసిన ఉపదేశంలోనూ (4:14) ఇదే మాట ఉంది. మరణానికి సిద్ధపడుతున్న తండ్రి కొడుకుకు అప్పగించే మాటలలో కూలీల జీతం ప్రస్తావన ఉందంటే, అది ఎంత ముఖ్యమో గమనించండి.

సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం ఇంకా కఠినంగా మాట్లాడుతుంది. పనివాని కూలిని ఎగ్గొట్టడాన్ని రక్తం చిందించడంతో సమానంగా చూస్తుంది. అదే అధ్యాయంలో, అన్యాయంగా సంపాదించినదానినుండి అర్పించే కానుకను దేవుడు అంగీకరించడని కూడా ఉంది. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కాదు. బాకీ ఉంచుకున్న డబ్బుతో దేవాలయానికి గంట చేయించినా, దేవుని చెవికి ముందు వినబడేది ఆ మేస్త్రీ మొరే.

ఇల్లు కట్టించేవారందరూ చదవవలసిన భాగం యిర్మీయా 22:13-17. యెహోయాకీము అనే రాజు విశాలమైన కొత్త భవనం కట్టించాడు. మేడ గదులు, వెడల్పాటి కిటికీలు, దేవదారు పలకలు, ఎర్రని రంగు. అన్నీ ఉన్నాయి. ఒక్కటే లోపం, పనివారికి జీతం ఇవ్వలేదు. ప్రవక్త అతనికి శ్రమ ప్రకటించాడు. నీ తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, కాని న్యాయం తప్పలేదు అని గుర్తుచేశాడు. మంచి ఇల్లు కట్టుకోవడం పాపం కాదు, అది మరొకరి చెమటమీద ఉచితంగా నిలవడమే పాపం అని దీనివల్ల తెలుస్తున్నది.

మాట మార్చడం కూడా అన్యాయమే. లాబాను తన జీతాన్ని పదిసార్లు మార్చాడని యాకోబు వాపోయాడు (ఆదికాండం 31:7). చదరపు అడుగుకు ఒక రేటు మాట్లాడుకొని, లెక్క తేల్చే రోజున "పక్క వీధిలో తక్కువకే చేశారు" అనేవారు లాబాను వంశంలోనివారే.

క్రొత్త నిబంధనలో యాకోబు లేఖ 5:4 చేలు కోసిన కూలీలకు ఇవ్వక బిగబట్టిన జీతమే కేక వేస్తున్నదని అంటుంది. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం (మత్తయి 20:1-16) మనకందరికీ తెలుసు. చివరి గంటలో వచ్చినవారికి కూడా పూర్తి కూలి ఇచ్చిన యజమాని ఔదార్యం గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఒక చిన్న విషయం గమనించం. ఆ యజమాని సాయంకాలం కాగానే గృహనిర్వాహకుని పిలిచి ఇప్పించాడు. "రేపు రండి" అనలేదు. ఔదార్యానికి ముందు న్యాయం, న్యాయంలో మొదటి మెట్టు సకాలంలో ఇవ్వడం.

మన ప్రభువు పెరిగిన ఇల్లు కూడా పనివాని ఇల్లే. పునీత జోజప్పగారిని వడ్రంగి అంటాం. సువార్తలో వాడిన గ్రీకు మాట 'తెక్తోన్' కట్టుబడి పనివానికి కూడా వర్తిస్తుంది. 1955లో 12వ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత జోజప్ప పండుగగా స్థాపించారు. ఆ పండుగ రోజున పాట పాడి, మే 2న మేస్త్రీని తిప్పి పంపితే మన పాటకు అర్థమేమిటి?

శ్రీసభ బోధన

జగద్గురువులు 13వ లియో పోపుగారు 1891 మే 15న శ్రామికుల స్థితిగతులపై 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ వెలువరించారు. న్యాయంగా రావలసిన జీతాన్ని ఎగవేయడం పరలోకానికి మొరపెట్టే ఘోర నేరమని ఆ లేఖ బోధించింది. 2025 మేలో ఎన్నికైన పోపుగారు 14వ లియో అనే పేరు ఎన్నుకోవడానికి ఆ లేఖను కూడా ఒక ముఖ్య కారణంగా చెప్పారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, పరలోకానికి మొరపెట్టే పాపాలలో హత్యతోబాటు కూలివానికి చేసే అన్యాయాన్ని కూడా చేర్చింది (1867). న్యాయమైన వేతనం ఇవ్వకపోవడం, లేదా బిగబట్టడం ఘోరమైన అన్యాయం కావచ్చని 2434వ సంఖ్యలో బోధించింది. "ఎగ్గొట్టడం" ఒక్కటే కాదు, "బిగబట్టడం" కూడా.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "నేను ఎగ్గొట్టనుగదా, కాస్త ఆలస్యం చేస్తున్నాను, అంతేగదా?" ఈ ప్రశ్నను 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వీనాసుగారు ఎత్తుకున్నారు. దైవశాస్త్ర సంగ్రహం రెండవ భాగపు రెండవ విభాగంలో 62వ ప్రశ్న, 8వ అంశం అదే. ఇతరులకు చెందినది వెంటనే తిరిగి ఇవ్వాలా, ఆలస్యం చేయవచ్చునా? ఆయన జవాబు స్పష్టం. ఒకరి సొమ్మును తీసుకోవడం ఎలా అన్యాయమో, యజమాని ఇష్టానికి విరుద్ధంగా ఉంచుకోవడమూ అలాగే అన్యాయం. ఎందుకంటే ఆ సొమ్మును అతడు వాడుకునే అవకాశాన్ని మనం అడ్డుకుంటున్నాం. పైన చెప్పిన లేవీయకాండ వాక్యాన్నే ఆయన ఆధారంగా చూపారు. మేస్త్రీ కట్టిన ఆ 14,400 రూపాయల వడ్డీని గుర్తు తెచ్చుకోండి. ఏడు శతాబ్దాల కిందటి తర్కం మన వీధిలోని లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

తత్వశాస్త్రంలో దీనిని వినిమయ న్యాయం అంటారు. ఇద్దరు మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో సమానతను కాపాడే న్యాయమది. అతడు పని ఇచ్చాడు, మనం సొమ్ము ఇవ్వాలి. త్రాసు ఒకవైపు వంగి ఉన్నంతకాలం అన్యాయం కొనసాగుతూనే ఉంటుంది. కనుక మేస్త్రీకి బాకీ తీర్చడం దానం కాదు, దయ అంతకంటే కాదు. అతని సొమ్ము అతనికి ఇవ్వడం. ఇచ్చేటప్పుడు "పోనీలే పాపం అని ఇస్తున్నా" అనే మాట నోట రాకూడదు.

ఒక ఒప్పుకోలు

ఇతరులకు చెప్పేముందు నా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక విచారణలో కమ్యూనిటీ హాలు కట్టించాం. పని పూర్తయింది. చివరి బాకీని పండుగ కానుకలు వచ్చాక ఇద్దామనుకున్నాను. పండుగ వచ్చింది, వెళ్లింది. మైకు సెట్టు కొన్నాం. బాకీ మిగిలింది. మేస్త్రీ ప్రతి ఆదివారం కనిపించి దండం పెట్టేవాడు, ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కనుక తొందరలేదనుకున్నాను.

జూన్‌లో ఒక సాయంత్రం అతని భార్య వచ్చింది. పిల్లవాడి ఫీజుకు విచారణ సహాయనిధినుండి అప్పు ఇప్పించమని అడిగింది. ఎవరికి ఎవరు బాకీ ఉన్నారో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "మీ డబ్బే మా దగ్గర ఉంది కదమ్మా, ఎందుకు అడగలేదు?" అన్నాను. "ఫాదర్‌గారిని ఎలా అడుగుతామండీ?" అంది. నా హోదా చూసి వారు నోరు మూసుకున్నారు, ఆ మౌనాన్ని నేను గడువుగా లెక్కవేసుకున్నాను. మరునాడే ఆర్థిక సంఘాన్ని పిలిచి బాకీ తీర్చాం. కాని ఆ ఏడు నెలలు తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటినుండి నేనున్న ప్రతి విచారణలో ఆర్థిక సంఘం సమావేశం మొదట చదివేది మనం ఎవరికి ఎంత ఇవ్వాలి అనే జాబితా. ఎంత వచ్చింది అనేది ఆ తరువాత.

ఉపాధ్యాయులు, ఉద్యోగులు, సంఘ పెద్దలు, రాజకీయ నాయకులు, ఇది మీకూ వర్తిస్తుంది. మిమ్మల్ని అడగడానికి భయపడేవాడికి మీరే ముందు ఇవ్వండి.

యజమాని ఫిర్యాదు నిజమైతే?

మేస్త్రీలందరూ నీతిమంతులని నేను చెప్పడం లేదు. ఒక ఇంటి అడ్వాన్సు తీసుకొని ఇంకో ఇంటి పనిలో పెట్టేవారున్నారు. సిమెంటు పాలు తగ్గించేవారున్నారు, గోడకు నీళ్లు సరిగా పట్టనివారున్నారు. సగంలో వదిలి ఎక్కువ ఇచ్చేవారి దగ్గరకు పోయేవారున్నారు. పనిని సరిగా చేయకపోవడం కూడా ఏడవ ఆజ్ఞకు విరుద్ధమేనని సత్యోపదేశం చెబుతున్నది (2409). "దొంగిలరాదు" అనే ఆజ్ఞ పని చేసేవానికీ చేయించుకునేవానికీ ఒక్కటే.

మరి లోపం ఉన్నప్పుడు యజమాని ఏం చేయాలి? ఇక్కడ ఒక తేడా తెలుసుకుంటే సగం తగాదాలు తగ్గుతాయి. వివాదం ఉన్న మొత్తం వేరు, వివాదం లేని మొత్తం వేరు. మనం మొదట చెప్పుకున్న ఇంటినే తీసుకోండి. బాకీ 60,000. బాత్‌రూము చెమ్మ సరిచేయడానికి ఎంతవుతుందని వేరే మేస్త్రీకి చూపిస్తే 8,000 అన్నాడనుకోండి. అప్పుడు 52,000 గురించి తగాదా లేదు. అది ఈ రోజే ఇవ్వాలి. మిగిలిన 8,000ను "ఈ పని సరిచేస్తే ఫలానా తేదీకి ఇస్తాను" అని చెప్పి ఆపుకోవచ్చు. ఎనిమిది వేల లోపం చూపించి అరవై వేలు ఆపడం న్యాయం కాదు. లోపాన్ని సాకుగా వాడుకోవడం అది.

లోపాన్ని చెప్పే సమయం కూడా ముఖ్యం. గోడ కట్టేటప్పుడు చూసి ఊరుకొని, డబ్బు అడిగినప్పుడు బయటపెట్టే లోపాలు చాలావరకు ఆలస్యానికి వెతికిన కారణాలు. మీ మనస్సాక్షిని ఇలా అడగండి: "ఇతడు డబ్బు అడగకపోయి ఉంటే నేను ఈ లోపం గురించి మాట్లాడేవాణ్ణా?"

ఇవ్వలేనివాడు, ఇవ్వనివాడు

అందరు యజమానులూ ఉన్నవారు కారు. బ్యాంకు అప్పు చివరి విడత ఆగిపోతుంది. మిర్చికో పత్తికో ధర పడిపోతుంది. ఇంట్లో ఆపరేషను వస్తుంది. ఇవ్వాలని ఉన్నా చేతిలో ఉండదు. అటువంటివాని పాపం వేరు, ఉండీ ఇవ్వనివాని పాపం వేరు. నిజంగా ఇవ్వలేనివాడు వెంటనే ఇవ్వవలసిన అవసరం లేదు, అయితే బాకీ ఉన్నవానిని గడువు అడగాలి అని అక్వీనాసుగారు అదే చోట చెప్పారు. అడగాలి అన్నారు, దాక్కోవాలి అనలేదు.

కనుక మీకు ఇబ్బంది వస్తే మీరే మేస్త్రీ ఇంటికి వెళ్లండి. ఉన్న పరిస్థితి చెప్పండి. చేతిలో ఉన్నంత, అయిదు వేలైనా ఇవ్వండి. మిగిలినది ఎప్పుడు ఇస్తారో కాగితంమీద రాసి సంతకం చేయండి. పునీత పౌలుగారు ఒనేసిము బాకీని తన లెక్కలో వేయమని, తానే చెల్లిస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చారు (ఫిలేమోను 18-19). అపోస్తలునికి చిన్నతనం కానిది మనకెందుకు చిన్నతనం?

పనికి ముందే చేసుకోవలసినవి

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగారు (లూకా 14:28-30). మనవాళ్లు పునాదికి ముహూర్తం చూస్తారుగాని లెక్క చూడరు. "మనలో మనకు కాగితాలెందుకు?" అంటారు. "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అనేది మనవాళ్ల మాటే. నేను పేకాటను సమర్థించడం లేదు సుమా! లెక్కలో మొహమాటం పనికిరాదని చెబుతున్నాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. కాని దానిని రుజువు చేయడమే కష్టం. రెండు ప్రతులు రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, తలా ఒకటి ఉంచుకోండి. అందులో ఇవి తప్పక ఉండాలి.

1. కొలత ఎలా? చదరపు అడుగుల రేటు మాట్లాడుకుంటే, పోర్టికో, మెట్లు, సన్‌షేడ్లు, పిట్టగోడ, నీళ్ల సంపు లెక్కలోకి వస్తాయా, రావా? ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడే.

2. ఏ దశకు ఎంత? పునాది, లింటెలు, స్లాబు, ప్లాస్టరింగు, నేల పని, ఇలా దశలవారీగా మొత్తాలు రాయాలి. చేసిన పనికంటే ఇచ్చిన డబ్బు మరీ ఎక్కువ కాకూడదు, మరీ తక్కువా కాకూడదు.

3. అదనపు పని. మధ్యలో యజమానురాలు వంటింట్లో ఇంకో అరుగు కావాలంటుంది. చేయకముందే ధర అడిగి పుస్తకంలో రాసి సంతకం చేయండి. "తరువాత చూసుకుందాంలే" అన్నదే తరువాత తగాదా అవుతుంది.

4. చివరి మొత్తం. లోపాలు సరిచేయించడానికి కొంత ఆపుకోదలిస్తే అది ఎంత, ఏ తేదీదాకా అని ముందే రాయాలి.

5. ఇచ్చిన ప్రతి పైసాకు గుర్తు. చేతికిస్తే పుస్తకంలో సంతకం. ఫోనులో పంపితే ఏ దశకు పంపారో కూడా రాయండి.

మేస్త్రీలకు నా మనవి. మీరు కూడా రాసుకోండి. ఒక ఇంటి డబ్బు ఆ ఇంటికే వాడండి. దశ పూర్తికాగానే అడగండి. చివరిదాకా మొహమాటపడి, అప్పులపాలై, కోపంతో అడగడంకంటే సకాలంలో నెమ్మదిగా అడగడం మంచిది. ఇంకొక మాట, మీకు రాలేదని మీ కూలీలకు ఎగ్గొట్టకండి. మీరు ఎవరిమీద మొరపెడుతున్నారో, ఆ కూలీలకు మీరూ అతనిలాగే కనిపిస్తారు.

తగాదా వచ్చాక

సోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో ప్రభువు వరుసగా చెప్పారు (మత్తయి 18:15-17). ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. నలుగురి ముందు కాదు, గుడి మెట్లమీద కాదు. వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లాలి. వారిలో ఒకరు పని తెలిసిన మూడో మేస్త్రీ అయితే మేలు. టేపు పట్టి కొలిస్తే సగం మాటలు ఆగిపోతాయి. అప్పటికీ కాకపోతే సంఘానికి చెప్పాలి. విశ్వాసులు తమ తగాదాలను తమలోనే తీర్చుకోలేరా అని పౌలుగారు కొరింతువారిని సిగ్గుపరచారు (1 కొరింతు 6:1-8). ప్రతి విచారణలో నమ్మకస్థులైన ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇందుకు ముందుకు రావాలి. అయితే బలవంతుని మొహం చూసి తీర్పు చెప్పేవారు దీనికి పనికిరారు.

"మరి కోర్టుకు వెళ్లడం పాపమా ఫాదర్?" అని అడుగుతారు. పాపం కాదు. పౌలుగారే తనకు అన్యాయం జరుగుతున్నప్పుడు కైసరుకు చెప్పుకుంటానన్నారు (అ.కా. 25:11). అన్ని దారులూ మూసుకుంటే చట్టాన్ని ఆశ్రయించవచ్చు. కాని కొన్ని విషయాలు తెలుసుకుని ఉండాలి.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, చెల్లింపు తేదీ ఏదీ పెట్టుకోని పనికి డబ్బు కోసం దావా వేయడానికి పని జరిగిన నాటినుండి మూడేళ్లే గడువు. ఆ గడువు తీరకముందే బాకీదారు బాకీ ఉన్నట్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీనుండి గడువు కొత్తగా మొదలవుతుంది. కాబట్టి మేస్త్రీలారా, "ఇస్తాలే" అనే మాటతో మూడేళ్లు గడిపేయకండి. ఒక కాగితం రాయించుకోండి.

చెక్కు ఇచ్చి, ఖాతాలో డబ్బు లేక అది తిరిగివస్తే, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజులలోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజులలో చెల్లించకపోతే, తరువాతి నెలరోజులలో కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. తేదీ తప్పితే ఆ దారి మూసుకుపోవచ్చు.

1987 నాటి న్యాయసేవల చట్టం కింద నడిచే లోక్ అదాలత్ మనవంటివారికి ఉపయోగపడుతుంది. కోర్టులో కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకున్నాక ఆ నిర్ణయానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు, ఆదాయం తక్కువగా ఉన్నవారికి ఉచితంగా వకీలును కూడా ఏర్పాటు చేస్తారు.

చేయకూడనివి కూడా చెప్పాలి. బాకీ ఇవ్వలేదని బిగించిన తలుపులు పీకుకుపోవడం, ఆడవారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి కేకలు వేయడం, రౌడీలను పంపడం, ఫోనులో నలుగురికీ పంపి పరువు తీయడం, ఇవన్నీ న్యాయం ఉన్నవానిని కూడా అన్యాయపరుని చేస్తాయి.

పాపసంకీర్తనం చాలదు

"ఫాదర్, పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను" అని కొందరు ఊరట పొందుతారు. చేసిన అన్యాయానికి నష్టపరిహారం చెల్లించడం పశ్చాత్తాపంలో భాగమని శ్రీసభ బోధన (సత్యోపదేశం 2412). జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకొని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు ఆ మాట తరువాతనే పలికారు (లూకా 19:8-9). నాలుగింతలు మనవల్ల కాకపోవచ్చు. ఉన్న బాకీ, మన ఆలస్యంవల్ల అతడు కట్టిన వడ్డీ, ఈ రెండైనా ఇవ్వగలమేమో ఆలోచించండి.

మొదట చెప్పిన ఇద్దరి సంగతి అడుగుతారేమో. ఆ యజమాని, మేస్త్రీ, నేను ఒక సాయంత్రం ఆ బాత్‌రూములోనే నిలబడి గోడ చూశాం. చెమ్మకు కారణం పైపు జాయింటు అని ప్లంబరు తేల్చాడు. ప్లాస్టరింగులో లోపం కొంత ఉందని మేస్త్రీ ఒప్పుకున్నాడు. యజమాని ఆ రాత్రే తగాదా లేని మొత్తం ఇచ్చాడు. మిగిలినది గోడ సరిచేశాక ఇచ్చాడు. వారిద్దరూ పూర్వంలా నవ్వుతూ మాట్లాడుకోవడం నేను ఇంకా చూడలేదు. కాని మేస్త్రీ ఆ ఇంట్లో కాఫీ తాగాడు. ప్రస్తుతానికి అది చాలు.

ప్రియ పాఠకులారా! వచ్చే శనివారం బట్వాడా వేళకు ముందే, ఈ ప్రశ్నలను కుటుంబమంతా కూర్చుని చర్చించుకోండి.

1. మన ఇంటిలో పనిచేసినవారికి, తాపీ, వడ్రంగి, కరెంటు, రంగులు, కుట్టుపని, ఎవరికైనా బాకీ ఉన్నామా? ఎప్పటినుండి?

2. ఆ ఆలస్యానికి కారణం మన లేమియా, నిర్లక్ష్యమా?

3. మనల్ని అడగడానికి మొహమాటపడేవారు ఎవరు?

4. మనకు రావలసిన బాకీని మనం ఏ విధంగా అడుగుతున్నాం?

ప్రార్థన: ప్రభువైన యేసూ, పనివాని ఇంట పెరిగినవాడా, మా ఇంటి గోడలలో ఎవరి కన్నీరూ ఇంకకుండా కాపాడు. ఇవ్వవలసినది సకాలంలో ఇచ్చే మనసును, అడగవలసినది మర్యాదగా అడిగే ధైర్యాన్ని మాకు దయచేయుము. ఆమెన్.